కుండలో పూసలు, నేలలో నీళ్లు: ఒక బోరు ఒప్పందం కథ

2023 మార్చి మొదటి వారంలో పదమూడు మంది బోరు రైతుల్లో పదకొండు మంది, బోరు లేనివాళ్లతో నీళ్లు పంచుకునే ఒప్పందం మీద సంతకం పెడతామన్నారు. మూడు వారాలు గడిచేసరికి ఆ మాట మీద నలుగురే మిగిలారు. ఈలోగా వాన పడలేదు, కరెంటు వేళలు మారలేదు, ఎవరి బోరూ ఎండిపోలేదు. జరిగింది ఒక్కటే. నేను ఒక మీటింగ్ పెట్టి, ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయో లెక్కలు చూపించాను.

ఆ లెక్కలు తప్పు కావు. అయినా ఒప్పందాన్ని విరగ్గొట్టింది అవే. ఎందుకలా జరిగిందో, తర్వాత దాన్ని ఎలా అతికించామో రాస్తున్నాను. నీటి మీదో, అడవి మీదో, చెరువు మీదో పదిమందిని ఒక మాట మీదికి తేవాలని తిరిగేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

ఊరు కదిరి వైపు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, 2022కు ముందు అనంతపురం జిల్లా. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు తమ గొడవలను నమ్మకంతో నా ముందు పెట్టారు. ఆ ఊళ్లో నీళ్లొచ్చే బోర్లు పదమూడు. బోరు లేని కుటుంబాలు దానికి మూడింతలకు పైగా ఉంటాయి. ఖరీఫ్‌లో అందరిదీ వేరుశనగే. ఊడలు దిగే దశలోనో కాయ ఊరే దశలోనో మూడు వారాలు వాన రాకపోతే బోరు లేనివాడి పంట అక్కడికక్కడే పోతుంది.

ఒప్పందం ఇది. బోర్లన్నిటినీ పైపులైనుతో కలుపుతారు. ఎండు పట్టినప్పుడు బోరు లేనివాళ్ల వేరుశనగకు కూడా రెండు తడులు ఇస్తారు. పదేళ్లు ఎవరూ కొత్త బోరు వేయకూడదు, రబీలో వరి పెట్టకూడదు. బదులుగా బోరున్న వాళ్లకు పైపులు, స్ప్రింక్లర్లు వస్తాయి. రేపు తమ బోరు ఎండితే పక్కవాళ్ల నీళ్లు అందుతాయి. ఈ జిల్లాలో సామూహిక బోర్లు కొత్తేమీ కాదు, ఇలాంటి ప్రయత్నాలు ముందే జరిగాయి. 2000 తర్వాతి దశకంలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ప్రాజెక్టు అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతికే కొలత టేపు ఇచ్చి, వాన లెక్క, బోరు మట్టం లెక్క, పంట నీటి బడ్జెట్ వాళ్లతోనే రాయించింది. నేను ఈ పని నేర్చుకున్నది ఆ నీడలోనే. లెక్క తెలిస్తే మనిషి తనంతట తానే సర్దుకుంటాడన్న నమ్మకం కూడా నాకు అక్కడి నుంచే వచ్చింది.

అందుకే మార్చి మీటింగ్‌లో చార్టులు గోడకు అతికించి నిజాయితీగా చెప్పాను. ఇది గట్టి రాతి నేల, నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి, ఒక బోరులో రెండించుల నీళ్లొస్తే వంద అడుగుల అవతల దుమ్ము లేస్తుంది, కాబట్టి కచ్చితంగా చెప్పలేం అన్నాను. ఇప్పుడు తోడుతున్నట్టే తోడితే బోర్లు నాలుగేళ్లలో ఎండొచ్చు, పన్నెండేళ్లూ పట్టొచ్చు అన్నాను. దాచకుండా చెప్పినందుకు ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను.

వారం తర్వాత ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. మొదట ఒప్పుకుని తర్వాత వెనక్కి తగ్గినవాళ్లలో ఆయన ఒకరు. నాలుగేళ్లా పన్నెండేళ్లా, మీకేమనిపిస్తోందని అడిగాను.

"నాలుగే సార్. మా నాయన బావి ఎండినప్పుడు చూసినా కదా."

"మరి ఎందుకు తగ్గినారు?"

"పన్నెండన్నావు కదా. ఆ మాట ఇన్నాక మా పక్క చేనోడు ఆగుతాడా? నీళ్లు ఎంతున్నాయో భూదేవికి తెలియాల. వాడేం చేస్తాడో నాకు తెలుసు."

ఆయన నోట విన్న ఈ మాటే ఈ కేసుకు తాళంచెవి. ఆయన నా అంచనాను తన కోసం చదువుకోలేదు, పక్కవాడు ఎలా చదువుకుంటాడో అని చదివాడు. తనకు నాలుగేళ్లనే అనిపించినా, పక్కవాడికి పన్నెండు అనిపిస్తుందన్న అనుమానం చాలు. పక్కవాడూ అచ్చం ఇలాగే ఆలోచిస్తున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. ఇద్దరూ ఆగాలనుకునేవాళ్లే, ఇద్దరూ తోడేస్తున్నారు.

దీన్ని ప్రయోగశాలలో చూసినవాళ్లు ఉన్నారు. స్కాట్ బారెట్, ఆస్ట్రిడ్ డానెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్తలు 2012లో వాతావరణ చర్చల గురించి ఒక ఆట ఆడించారు. గుంపులో ప్రతివాడూ కొంత డబ్బు వేయాలి. మొత్తం ఒక గీత దాటితే ప్రమాదం తప్పుతుంది. ఆ గీత ఎక్కడుందో అందరికీ కచ్చితంగా చెప్పినప్పుడు గుంపులు చాలావరకు కలిసి దాటాయి. గీత ఎక్కడో ఈ రెండు అంకెల మధ్య ఉందని చెప్పినప్పుడు సహకారం కూలిపోయింది. ప్రమాదం ఎంత పెద్దదన్న విషయంలో అనుమానం ఉన్నా పెద్ద తేడా రాలేదు. గీత మీద అనుమానమే పని చెడగొట్టింది. నేను మార్చిలో చేసింది అదే. వాళ్ల ముందున్న గీతను నా చేతులతో చెరిపేశాను.

వేసవిలో నేను రెండు మట్టికుండలు పట్టుకుని ఊరికి వెళ్లాను. డేనియల్ ఎల్స్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 1961లో రాసిన ప్రశ్నను రచ్చబండ మీద పెట్టి చూద్దామనుకున్నాను. మొదటి కుండలో పది ఎర్ర పూసలు, పది నల్ల పూసలు అందరి ముందూ లెక్కపెట్టి వేశాను. రెండో కుండలో కూడా ఇరవై పూసలే, కానీ ఎర్రవెన్నో నల్లవెన్నో ఎవరికీ చెప్పలేదు. రంగు మీరే చెప్పండి, కుండ మీరే ఎంచుకోండి, చెప్పిన రంగు వస్తే కిలో చక్కెర అన్నాను. ఇరవై మందికి పైగా ఆడారు. నలుగురు తప్ప అందరూ మొదటి కుండలోనే చెయ్యి పెట్టారు.

రంగు తామే చెప్పొచ్చు కాబట్టి రెండో కుండ మొదటిదానికంటే ఏ విధంగానూ తక్కువ కాదు. అయినా జనం దాన్ని ముట్టరు. ఎన్నింట ఎన్ని అని తెలిసిన ప్రమాదం వేరు, ఆ లెక్కే తెలియని అనిశ్చితి వేరు. ఈ తేడాను ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే చెప్పాడు. ఎల్స్‌బర్గ్ చూపించింది, మనుషులు రెండోదానికి అదనంగా భయపడతారని.

నాకు పనికొచ్చింది మాత్రం ఆట అయ్యాక ఒకావిడ అన్న మాట: "రెండో కుండలో నువ్వేం పోసినావో మాకేం తెలుసు సార్?" ఆమెకు కుండ కనిపించడం లేదు, కుండ నింపిన మనిషి కనిపిస్తున్నాడు. అందుకే మర్నాడు ఇంకో రకంగా ఆడించాను. రెండో కుండను నేను నింపలేదు. రెండు రంగుల పూసలు కలిపిన సంచిలోంచి ఒక చిన్న పిల్ల కళ్లు మూసుకుని ఇరవై పూసలు తీసి వేసింది. ఏ రంగువి ఎన్నో నాకూ తెలియదు, ఆ పిల్లకూ తెలియదు. ఈసారి సగం మంది దాకా రెండో కుండకు వచ్చారు. తెలియకపోవడం రెండుసార్లూ ఒకటే. మనిషి పక్కకు తప్పుకునేసరికి భయం సగమైంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మొదటి కుండ తప్ప ముట్టనన్న వాళ్లలో ఒకాయన తన చేనులో నాలుగు బోర్లు వేయించి మూడింట్లో దుమ్మే చూశాడు. అప్పు చేసి ఐదోదానికి బోరు బండిని పిలిపించే ఆలోచనలో ఉన్నాడు. పూసల కుండకు భయపడిన మనిషి తొమ్మిది వందల అడుగుల రాతికి ఎందుకు భయపడడు? అడిగితే, "నా చేను నాకు తెలీదా" అన్నాడు. చిప్ హీత్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు 1991లో ఇదే గమనించారు: తమకు బాగా తెలుసనుకున్న విషయంలో మనుషులు తెలియని లెక్క మీద కూడా ధైర్యంగా పందెం కాస్తారు. దానికి తోడు ఆయన అప్పటికే నష్టంలో ఉన్నాడు. పోయింది తిరిగి తెచ్చుకోవాలన్న తపనలో ఉన్నవాడికి చిన్న గ్యారంటీ కంటే పెద్ద అదృష్టమే ఆకర్షణగా కనిపిస్తుంది. ఆ తపనను దురాశ అని కొట్టిపారేసేవాళ్లు వడ్డీ కట్టే ఇంట్లో ఒక రోజు ఉండి చూడాలి.

అంటే ఒకే మనిషి నేల మీద అనుమానాన్ని ధైర్యంగా తీసుకుంటాడు, మనిషి మీద అనుమానాన్ని పిరికిగా తీసుకుంటాడు. ఐరిస్ బోనెట్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ఆర్థికవేత్తలు 2004లో చూపింది కూడా దీనికి దగ్గరే: పాచిక చేతిలో ఓడిపోవడం కంటే మనిషి చేతిలో మోసపోవడాన్ని జనం ఎక్కువగా తప్పించుకుంటారు. మార్చిలో నేను ఈ రెండు అనుమానాలనూ ఒకే మూటలో కట్టాను. నేల గురించి మాట్లాడి, మనిషి గురించిన భయాన్ని పెంచాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇవి ఊళ్లో కొలిచిన అంకెలు కావు, రైతులతో కూర్చుని ఆట కోసం ఒప్పుకున్నవి. ఏడాది ఆదాయం వేల రూపాయల్లో అనుకోండి. నేనూ పక్కవాడూ ఇద్దరం ఆగితే నాకు 60. నేను ఆగి అతను తోడేస్తే నాకు 10. నేను తోడి అతను ఆగితే నాకు 45. ఇద్దరం తోడేస్తే 30. ఇద్దరం ఆగడమే అందరికీ మంచిది, అందులో వాదన లేదు. ఇద్దరు వేటగాళ్లూ నిలబడితేనే లేడి దొరికే వేట ఇది. ఒకడు మధ్యలో కుందేలు వెంట పరిగెత్తితే రెండోవాడికి ఏమీ మిగలదు.

పక్కవాడు ఆగే అవకాశం ఏడింట నాలుగు కంటే ఎక్కువ అనుకుంటే, అంటే సుమారు 57 శాతం దాటితే, ఆగడం లాభం. అంతకంటే తక్కువైతే తోడడమే లాభం. కానీ నేను అడిగినప్పుడు ఎవరూ ఒక్క అంకె చెప్పలేదు. "పదిమందిలో ఎంతమంది మాట మీద ఉంటారు?" అంటే, "తక్కువలో తక్కువ నలుగురు, ఎక్కువలో ఎక్కువ తొమ్మిది మంది" అన్న తీరులోనే ఎక్కువ జవాబులు వచ్చాయి. సగటు పట్టుకుంటే ఆరున్నర. ఆ సగటుతో లెక్కేస్తే ఆగితే 42.5, తోడితే 39.75. ఆగాలి. కానీ కింది అంకె నాలుగుతో లెక్కేస్తే ఆగితే 30, తోడితే 36. తోడాలి. సమాచారం ఒకటే, నేల ఒకటే, పక్కవాళ్లు ఒకటే. అనిశ్చితిని సగటుగా చూసేవాడు ఒక పని చేస్తాడు, అందులో అన్నిటికంటే చెడ్డ అంకెనే చూసేవాడు ఇంకో పని చేస్తాడు. గిల్బోవా, ష్మైడ్లర్ అనే ఆర్థికవేత్తలు 1989లో ఇలా చెడ్డ అంకెను పట్టుకుని నిర్ణయించేవాడికి గణిత రూపం ఇచ్చారు. మా ఊళ్లో ఆ రూపానికి సరిపోయేవాళ్లు కనీసం ఏడుగురు.

ఇది అర్థమయ్యాక పని మారిపోయింది. అందరినీ ఉత్సాహపరిచి తొమ్మిదిని పది చేయడం దండగ, ఎందుకంటే ఆ చివర ఎవరూ చూడటం లేదు. నాలుగును ఆరు చేయాలి. ఆరైతే ఆగడం విలువ 40, తోడడం విలువ 39. అంత చిన్న తేడా చాలు. లేదా మోసపోయినవాడికి వచ్చే ఆ 10ని పెంచాలి. అది 20 అయితే నాలుగు దగ్గరే రెండూ 36, 36గా సమానమవుతాయి. ఇంకాస్త పెంచితే పిరికివాడు కూడా ఆగుతాడు.

కాగితం మీది ఈ లెక్కను రచ్చబండ మీదికి దించింది నేను కాదు, పొదుపు సంఘం లీడరమ్మ. సంఘంలో అప్పు వాయిదా ఒకరు ఎగ్గొడితే పదిమంది కట్టే పద్ధతి ఆమెకు పాతికేళ్ల అలవాటు. "డిపాజిట్ పెట్టిద్దాం సార్. మాట తప్పినోడిది నష్టపోయినోడికి పోతాది" అంది. తలా ఐదు వేలు, సంఘం ఖాతాలో. ఒకే దెబ్బకు రెండు పనులు: తోడేవాడికి 45 తగ్గుతుంది, మోసపోయినవాడికి 10 పెరుగుతుంది.

రెండో మార్పు సంతకాల పద్ధతిలో తెచ్చాం. పదిమంది పెడితేనే కాగితం చెల్లుతుంది, తొమ్మిది దగ్గర ఆగితే అందరి ముందూ చింపేస్తాం అని ముందే రాసుకున్నాం. మొదట సంతకం పెట్టేవాడికి ఒంటరిగా మిగిలిపోతానన్న టెన్షన్ దీంతో పోయింది.

మూడోది ఆటోస్టార్టర్లు. వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది కాబట్టి మోటారు నడిపినందుకు రైతుకు అదనపు ఖర్చు లేదు. ఆటోస్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది, తోడింది ఎవరి నిర్ణయమో తెలియదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు కూడా ఈ ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను అడగాల్సి వచ్చింది. మా ఊళ్లో వాటిని పీకించాం. ఇక మోటారు తిరుగుతోందంటే ఎవరో నడిచివెళ్లి స్విచ్ వేసినట్టే. నా దృష్టిలో మూడింటిలో బలమైనది ఇదే, ఎందుకంటే ఇది మనిషి మీద అనుమానాన్ని కంటికి కనిపించే విషయంగా మార్చింది.

ఇక గీత. శాస్త్రం నాకు గీత ఇవ్వలేదు కాబట్టి ఊరే గీసుకుంది. తాగునీటి బోరు ఎండి ట్యాంకర్లు తెప్పించుకున్న ఏడాది అందరికీ గుర్తుంది. అప్పటి మట్టానికి కొంచెం పైన, గుడి పక్క బోరులో 180 అడుగులు. మట్టం అంతకంటే కిందికి పోతే ఆ రబీలో తలా ఒక ఎకరం ఆరుతడి పంటే. ఆ 180 ప్రకృతి పెట్టిన అంచు కాదని వాళ్లకూ తెలుసు. అయినా అందరికీ ఒకే అంకె, అందరూ టేపు పట్టి చూడగల అంకె. నాలుగు నుంచి పన్నెండేళ్లన్న నా నిజం కంటే వాళ్లు ఒప్పుకున్న ఈ గీత ఎక్కువ పని చేసింది.

జూన్‌లో పదకొండు సంతకాలు పడ్డాయి. ఆ ఏడాది రుతుపవనాలు ఆలస్యంగా వచ్చాయి. ఆగస్టు దేశం మొత్తానికి 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు అయింది. అంటే ఒప్పందానికి మొదటి ఏడాదే గట్టి పరీక్ష.

అయితే మొదటి దెబ్బ వానవల్ల రాలేదు, టమాటావల్ల వచ్చింది. జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో వంద దాటి ఇంకా పైకి పోయింది. ఒప్పందంలో ఉన్న ఇద్దరికి టమాటా తోటలున్నాయి. వాళ్లు రాత్రిళ్లు తోడారు. నా పట్టికలో 45 అని రాసుకున్న గడి ఆ నెలలో 60ని దాటిపోయింది. అది దాటిన క్షణం ఆట మారిపోతుంది. పక్కవాడు ఆగుతాడని నూటికి నూరు నమ్మకం ఉన్నా తోడడమే లాభమవుతుంది. అనిశ్చితికి మందు వేస్తే ఇక్కడ నయం కాదు. ఐదు వేల డిపాజిట్ వేరుశనగ ధరను చూసి పెట్టినది, టమాటా ధరకు చాలదు. ఇది ముందే ఊహించాల్సిన బాధ్యత నాది, ఊహించలేకపోయాను.

స్విచ్ వేసినవాళ్లెవరో రెండు రోజుల్లో అందరికీ తెలిసింది. రచ్చబండ దగ్గర గంటల తరబడి మాటలు నడిచాయి. పూర్తి డిపాజిట్ పట్టేయాలని కొందరు, మొదటి తప్పు వదిలేయాలని కొందరు. చివరికి తలా రెండు వేలు పట్టుకున్నారు. ఆ డబ్బు, పైపు చివర నీళ్లు సరిగా అందని మూడు కుటుంబాలకు ఇచ్చారు. ఆ ఇద్దరిలో ఒకాయన అక్కడికక్కడే, "టమాటా అయిపోయింది, ఆగస్టు తడులు నా బోరు నుంచే మొదలుపెట్టండి" అన్నాడు. ఆగస్టులో మొదటి తడి అందరికీ అందింది. రెండో తడి పైపు చివరి చేలకు సగమే అందింది, అది పైపు సైజు తప్పు.

డిసెంబరులో పదకొండు మందినీ అదే ప్రశ్న మళ్లీ అడిగాను. పదిమందిలో మాట మీద ఉండేది ఎంతమంది? ఈసారి ఎక్కువ జవాబులు ఆరుకూ ఎనిమిదికీ మధ్య వచ్చాయి. మార్చిలో నాలుగు నుంచి తొమ్మిది. పై అంకె తగ్గింది, ఎందుకంటే ఇద్దరు తప్పడం కళ్లారా చూశారు. కింది అంకె పెరిగింది, ఎందుకంటే తప్పితే ఏమవుతుందో కూడా చూశారు. సగటు ఆరున్నర నుంచి ఏడుకు మాత్రమే కదిలింది. సర్వే ఫారంలో సగటు మాత్రమే అడిగి ఉంటే ఏమీ మారలేదని రిపోర్టు రాసేవాడిని. పదకొండు మంది జవాబులతో సిద్ధాంతం చేయకూడదని తెలుసు, కానీ అప్పటి నుంచి నా ఫారంలో ఈ ప్రశ్నకు రెండు గడులు పెట్టుకున్నాను: తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ. నేల గురించి ఒకసారి, మనిషి గురించి ఒకసారి.

బయట మిగిలిన ఇద్దరిలో ఒకాయన ఐదో బోరు వేస్తానన్న మనిషే. ఆయన 2024లో వేయించాడు, నీళ్లు కొద్దిగా పడ్డాయి. ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను.

రెండో ఆయనను కూడా అవే ప్రశ్నలు అడిగాను. పక్కవాళ్ల మీద ఆయన అంకెలు ఎనిమిది, తొమ్మిది. ఊళ్లో అందరికంటే ఎక్కువ నమ్మకం ఆయనదే. నేల మీద కూడా పెద్ద భయం లేదు. మరి ఎందుకు రాలేదంటే, కూతురు బీటెక్ రెండో సంవత్సరం, ఫీజు కట్టాల్సిన తేదీ మారదు, తోడితే ముప్పైకి తగ్గకుండా వచ్చేదాన్ని వదిలి అరవై రావచ్చన్న దాని వైపు ఈ రెండేళ్లు రాలేను అన్నాడు. డిపాజిట్, పది సంతకాల షరతు, స్విచ్, గీత, ఇవేవీ ఆయన కోసం చేసినవి కావు. ఆయనకు కావాల్సింది ఫీజు తేదీకి చేతిలో డబ్బు. లీడరమ్మతో కూర్చుని, ఒప్పందంలో చేరినవాళ్లకు సంఘం నుంచి ఫీజు నెలలో చిన్న అప్పు ఇచ్చే వీలుందా అని లెక్కలు వేస్తున్నాం.